తూము దగ్గర చిన్నమ్మ వంతు

సిద్దిపేటకు దగ్గర్లోనే మా ఊరు. చెరువు నిండితే ఎవరి పొలం వాళ్లది. నిండకపోతే తైబందీ. ఉన్న నీళ్లు ఎంతమేర పారతాయో తూము తీసే నీరటి చెప్పేవాడు. అంతమేరకే నాట్లు. తూము దగ్గరి మడులను ఆ ఒక్క పంటకు ఊరంతా వంతులేసి పంచుకునేది, పట్టా ఎవరిదైనా సరే. వానను నమ్మలేని చోట బతికేవాళ్లు దెబ్బలు తిని నేర్చుకున్న తెలివి అది.

తూము కింద మొదటి మడి మాది. నా పొగరు కూడా అక్కడిదే.

ఎనభైల చివర్లో బోరు వేయించాను. ఆ వానాకాలం చెరువు సగం కూడా నిండలేదు. తైబందీకి అందరూ కట్ట మీద కూర్చుంటే, నేను లేచి, "నా జాగ నేనియ్య. నాకు బోరున్నది. ఎవల పొలం వాళ్లే చేసుకోన్రి" అన్నాను. పక్కనే కూర్చున్న మా బాపు తల దించుకున్నాడు. నీరటి మాత్రం, "భూమిల నీళ్లెన్ని ఉన్నయో ఎవలు చూసిన్రు పటేలా?" అన్నాడు. నన్ను చూసి తూము దగ్గరి మిగతా వాళ్లూ అడ్డం తిరిగారు. చెడ్డపనికి తోడు వెతుక్కోనక్కర్లేదు.

దెబ్బ మా చిన్నమ్మకు తగిలింది. చిన్నాయన పోయాక కొడుకుతో, జత ఎడ్లతో ఆయకట్టు చివర ఎకరం చేసుకునేది. తైబందీ జరిగుంటే మా మడిలో ఆమెకు వంతు దక్కేది. దిక్కులేక మబ్బుల్ని నమ్మి చివరి పొలంలోనే నాటు వేసింది.

ఉత్తర చూసి ఎత్తర గంప అంటారు, అప్పటికీ వాన లేకపోతే ఊరు విడవడమేనని. ఉత్తర కార్తె చినుకు లేకుండా పోయింది. ఆమె వరి ఎండితే మేకలను తోలారు. నా బోరు నీళ్లు అంతదూరం పారవని నాకు నేనే చెప్పుకున్నాను. పారించి చూసింది లేదు. చిన్నమ్మ ఎడ్లను అమ్మింది. కొడుకు మగ్గాల పనికి పక్క రాష్ట్రంలోని బీవండి పోయాడు.

మరుసటి ఏడూ చెరువు సగం నిండలేదు. నా బోరు గంటసేపు పోసి గాలి ఊదడం మొదలుపెట్టింది. అప్పుడు తెలివొచ్చింది నాకు. తైబందీకి పిలవమని నీరటి దగ్గరికి పోతే, "నేను పిలుస్త. వచ్చేటోళ్లేరి?" అన్నాడు.

నేనే చిన్నమ్మ ఇంటికి పోయాను. ఆమె వాకిట్లో బీడీలు చుడుతోంది.

"చిన్నమ్మా, తూము కాడ నీ వంతు నువ్వు తీసుకో."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు. చేతిలో ఆకు కింద పెట్టకుండానే అంది:

"ఎడ్లు పాయె, పిలగాడు పాయె. ఎవలతోని దున్నాలె బిడ్డా? నిరుడు పిలిస్తే ఉరికొస్తుంటి."