చిన్నవ్వ చెల్లెలేననడానికి ఆధారం

మొన్న నమాకాలో మా మనవరాలు కాలేజీ వ్యాసం రాసుకుంటూ, "ప్రతి మాటకీ ఆధారం చూపించాలట, ఆజీ!" అని హిందీలో విసుక్కుంది. దానికి తెలుగు రాదు. ఆ మాట చెవిన పడగానే సువాలో మా వ్యాసరచన క్లాసు, దాని వెనకే లబాసాలో మా అవ్వ వంటిల్లు గుర్తొచ్చాయి.

"చెప్పదలచుకున్నది మొదటి పేరాలోనే చెప్పండి. దానికి ఆధారం చూపండి. ఎవరి దగ్గర విన్నారో రాయండి." ఇదీ మా మాస్టారి పాఠం. మా అవ్వ సంగతి ఆయనకేం తెలుసు! పప్పులో ఉప్పెందుకు ఎక్కువైందని అడిగినా ఆవిడ ఓడెక్కిన రోజు నుంచే మొదలుపెట్టేది. మనవాళ్ళు కూలి ఒప్పందం మీద ఓడల్లో ఈ దీవులకొచ్చిన గిర్మిట్ కాలం గురించి ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పింది రాయమన్నారాయన. మా అవ్వా, ఆవిడ చెల్లెలూ ఒకే ఓడలో వచ్చి చెరకు తోటల్లో పనిచేశారని రాశాను. అవ్వది విశాఖపట్నం వైపనీ, చిన్నవ్వది నెల్లూరు వైపనీ కూడా రాశాను. మాస్టారు నవ్వి, "ఊళ్ళు వేరైతే అక్కచెల్లెళ్ళు ఎలా అయ్యారమ్మా? ఆధారం లేకపోతే ఆ మాట కొట్టెయ్" అన్నారు. నిజం చెప్పొద్దూ, అంతవరకూ నాకూ తట్టలేదు.

సెలవులకు ఇంటికెళ్ళి అవ్వనడిగాను. చిన్నవ్వ పోయి అప్పటికి చాన్నాళ్ళయింది.

"ఓడలో దానికి జ్వరమొచ్చింది. నా ఒళ్ళోనే పడుకునేది. దిగేక దొర చెరో తోటకి పంపుతానంటే, ఇది నా చెల్లెలని అడ్డం పడ్డాను. కూలోళ్ళ లైన్లో ఇద్దరికీ ఒకే గదిచ్చేడు" అంది అవ్వ.

"అయితే సొంత చెల్లెలు కాదా? ఆ మాట కొట్టెయ్యాలేమో అవ్వా."

అవ్వ ముఖం చిన్నబోయింది. "సబూతు కావాలేటే మీ మాస్టరుకి? మీ నాన్నకి దాని కూతుర్ని చేసుకోమని అందరూ అంటే, అన్నాచెల్లెళ్ళకి పెళ్ళేటని తగువాడేను. అది పోయినప్పుడు పెద్దకర్మ దాకా మైల ఉన్నాను, దేవుడి దీపం ముట్టలేదు. పరాయిదానికి ఎవరైనా మైల ఉంటారేటే? రాయి. కొట్టెయ్యకు."

అలాగే రాశాను. అవ్వకు చెల్లెలు ఓడలో దొరికిందని మొదటి పేరాలోనే చెప్పి, కింద మైలా, జరగని పెళ్ళీ ఆధారాలుగా పెట్టి, చెప్పినది మా అవ్వ అని రాశాను. మాస్టారు ఆ మాట కొట్టెయ్యలేదు. కాగితం ఇంటికి తెస్తే, చదువురాని అవ్వ, "అదెక్కడుంది?" అంది. చెల్లెలన్న మాట మీద ఆవిడ వేలు పట్టుకుని పెట్టించాను. పొయ్యి మీద పప్పు మాడిన వాసన వచ్చినా ఆ వేలు తియ్యలేదు.

ఇదంతా హిందీలో చెప్పేసరికి మనవరాలు పెన్ను తీసుకుని, "ఎవరు చెప్పారని రాయను ఆజీ?" అంది. నా పేరే రాసుకోమన్నాను. అవ్వ యాస, ఆ గదమాయింపు ఒక్కసారి మళ్ళీ వింటే చాలనిపించింది. ఒకప్పుడు పరుగెత్తుకెళ్ళి అవ్వనడిగేదాన్ని; ఇప్పుడు అడిగితే చెప్పడానికి నేనొక్కదాన్నే మిగిలాను. అంత కాలం ఎప్పుడు గడిచిపోయిందో!