అద్దం వెనక గింజ

మాస్టారు పోయారన్న కబురు నాకు గుడి వంటశాలలో అందింది. పులిహోర కలుపుతున్న చేతులతోనే ఫోన్‌ను భుజానికి ఆనించుకున్నాను. "అక్కా, నాన్న పొద్దున లేవలేదు. నిద్రలోనే..." అంది వాళ్ళమ్మాయి. చేతులు కడుక్కుని దేవుడి ముందు నిలబడ్డాను. ఏం కోరుకోవాలో తోచలేదు.

పరాయి దేశంలో, ఈ ఇర్వింగ్ ఊళ్ళో మా అపార్ట్‌మెంటూ వాళ్ళదీ ఎదురెదురు. ఆయన గుంటూరు వైపు ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరై, భార్య పోయాక కూతురి దగ్గరికి వచ్చారు. మధ్యాహ్నాలు కూతురూ అల్లుడూ ఆఫీసులో ఉంటే నేను మజ్జిగ తీసుకెళ్ళేదాన్ని. ఇంటర్‌తో చదువు ఆగిపోయిన నాకు, ఆయన భోజనాల బల్ల మీద వెలుగు నడక గురించి చెప్పేవారు.

"కాలిక్యులస్ వచ్చినవాడికి ఇది రెండు లైన్ల పని. అది పుట్టకముందు వాళ్ళు ఎలా తేల్చారో చూడు" అంటూ స్టీలు స్కేలు పెట్టేవారు. అది అద్దం. దానికి ఇవతల రెండు వేయించిన శనగ గింజలు. ఒకటి దీపం, ఒకటి కన్ను. దీపం నుంచి బయల్దేరి, స్కేలును తాకి, కంటికి చేరేలా ఒక దారం. ఎక్కడ తాకితే దారం అన్నిటికంటే తక్కువ పడుతుంది?

నేను వేలు అటూ ఇటూ జరిపి తికమకపడుతుంటే, ఆయన మూడో గింజను స్కేలుకు అవతల, కన్ను ఇవతల ఎంత దూరంలో ఉందో అంతే దూరంలో పెట్టేవారు.

"ఇది అద్దంలో కన్ను. దారం ఇవతలి కంటికి చేరినా, అవతలి కంటికి చేరినా పొడవు ఒకటే. ఇప్పుడు చెప్పు, దీపం నుంచి అవతలి కంటికి దగ్గరి దారేది?"

"తిన్నగా పోవడమే కదండీ."

"అంతే! ఆ గీత స్కేలును దాటే చోటే వెలుగు తాకే చోటు. వచ్చిన వాలూ, పోయే వాలూ సమానం. ఇంకెక్కడ తాకినా త్రిభుజంలో రెండు భుజాలు నడిచినట్టే. చుట్టుదారి."

నీళ్ళలో వెలుగు ఎందుకు వంగుతుందో కూడా గీతలతోనే నిరూపించారట. అది నాకు సగమే ఎక్కింది. ఆయన మాటొకటి మాత్రం పూర్తిగా గుర్తుంది. "అద్దం వెనక ఎవరూ లేరమ్మా. కానీ ఒకరున్నారని అనుకోకపోతే ఇవతలి లెక్క తేలదు."

"దేవుడి గురించి చెప్పినట్టుందండీ" అన్నాను ఒకసారి.

"నీ దేవుణ్ణి నా స్కేలు మీదికి తేకు తల్లీ. మజ్జిగలోకి కాస్త ఉప్పు తే, చాలు" అని నవ్వారు.

తర్వాత మతిమరుపు మొదలైంది. డాక్టర్ ఇంకా వద్దనకపోయినా, ఆయన కారు తీస్తుంటే కూతురికి భయం.

"నాన్నా, హైవే మీద దిగాల్సిన ఎగ్జిట్ మర్చిపోతే?"

"తర్వాతి ఎగ్జిట్ ఎందుకు కట్టారే?"

చివరికి షరతు ఆయనే పెట్టారు. రోజూ నా ఎదుట ఈ నిరూపణ చెయ్యాలి. చెయ్యలేని రోజున కారు తాళాలు ఇచ్చెయ్యాలి. "నువ్వు మొహమాటపడే మనిషివి. దీంట్లో పడకు. రోడ్డు మీద పిల్లలుంటారు" అన్నారు నాతో.

చాలాకాలం ఒక్క మెట్టూ తప్పలేదు. ఒక మధ్యాహ్నం స్కేలు పెట్టారు, దీపం పెట్టారు, కన్ను పెట్టారు. మూడో గింజను వేళ్ళ మధ్య కాసేపు తిప్పి, నోట్లో వేసుకున్నారు.

"మాస్టారూ, అది కన్నండీ" అన్నాను మెల్లగా.

"కన్నేమిటమ్మా? శనగే. బాగా వేగింది, నువ్వూ తిను."

నేను తినలేదు. ఆయన నా ముఖం వంకా, స్కేలు అవతలి ఖాళీ వంకా చూశారు. నేను నోరు తెరవక ముందే లేచి వెళ్ళి, తాళాలు తెచ్చి నా అరచేతిలో పెట్టారు. ఆ చల్లదనం ఇప్పటికీ పోలేదు.

ఆ తర్వాత నేనే చేసి చూపించేదాన్ని. ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, మొదటిసారి వింటున్నట్టు వినేవారు. మూడో గింజ పెట్టగానే కళ్ళు మెరిసేవి.

"ఎవరమ్మా నీకింత బాగా చెప్పింది?"

"మీరేనండీ."

"నేనా?" అని, నా భుజం మీదుగా వెనక్కి చూసేవారు, ఆ చెప్పినాయన గుమ్మంలో నిలబడి ఉన్నట్టు. చాలాసేపు చూసేవారు. నేనూ తిరిగి చూసేదాన్ని.

ఇప్పుడు రోజూ సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టి, బ్లైండ్స్ దించడానికి కిటికీ దగ్గరికి వెళతాను. బయట చీకటి పడుతుంటే గాజులో దీపం కనిపిస్తుంది. ఇవతల ఎంత దూరంలో ఉందో అవతలా అంత దూరంలో, మూడో అంతస్తు బయట, ఆనడానికి ఏమీ లేని గాలిలో నిలకడగా వెలుగుతూ ఉంటుంది. బ్లైండ్స్ తాడు పట్టుకుని అలాగే నిలబడిపోతాను. లాగబుద్ధి కాదు.