కుడికి జరిగిన చుక్క

తిరువూరులో మా పిల్లల డాక్టరు దగ్గర కాంపౌండరుగా ఉన్న యేసురాజు గారు దేన్నీ ఊరికే నమ్మరు. ఆసుపత్రి తెరవగానే పసిపిల్లల కాటా మీద కిలో ఉప్పు ప్యాకెట్టు పెట్టి చూస్తారు. ఆ ప్యాకెట్టు మీదా అనుమానమే కాబట్టి వేరే కంపెనీది ఇంకొకటి పెడతారు. ఇక తల్లుల సంగతి చెప్పనక్కర్లేదు.

మా శర్వాణికి ఏడో నెలలో తూకం వేయించినప్పుడు ఆయన కాగితం చూసి, నన్ను చూసి, "పాలల్లో నీళ్లెన్ని పోస్తున్నావమ్మా?" అన్నారు.

"నా పాలేనండి."

"అయితే నువ్వు తింటున్నావా?"

నాకు నవ్వు రాలేదు. వయసుకు తగ్గ బరువుందో లేదో చూపే గీతల పటంలో మా పాప చుక్క ఎర్రగీత కిందికి పోయింది. పాత కాగితాల్లో నడిమి గీత పక్కనే ఉండేది. డాక్టరు గారు విజయవాడలో రక్తపరీక్షలు చేయించమని రాశారు. ఇంటికి వచ్చి ఉగ్గు నుంచి బోరు నీళ్ల దాకా అన్నిటినీ అనుమానించాను.

మర్నాడు ఆయనే ఫోను చేశారు. "పోయినసారి కంటే పాప బరువు బాగానే పెరిగిందమ్మా. పెరిగిన పిల్ల చుక్క కిందికెట్టా పోద్ది? నాకా డబ్బా మీద అనుమానంగా ఉంది."

డబ్బా అంటే కొత్త ల్యాప్‌టాప్. చుక్కలు పెట్టే ప్రోగ్రాము విండోస్ ఎక్స్‌పీ కాలం నాటిది. పాత కంప్యూటరు పాడైతే డాక్టరు గారు సెల్‌ఫోన్లలో ఉండే ఆర్మ్ రకం ప్రాసెసరున్న ల్యాప్‌టాప్ కొన్నారు. కంప్యూటర్ల షాపు పవనకుమార్ దానిలోపలే ఒక ఉత్తుత్తి కంప్యూటరును తయారుచేసి, అందులో పాత విండోస్ ఎక్కించి ప్రోగ్రామును నడిపించాడు. పాత ప్రోగ్రాము మాటలను కొత్త ప్రాసెసరుకు మార్చి చెప్పే దుబాసీ ఒకడు మధ్యలో ఉంటాడని వివరించాడట.

"ఆ దుబాసీ ఉన్నదున్నట్టు చెబుతున్నాడని నీకెట్టా తెలుసు?" అని, నేను ఆసుపత్రికి వెళ్లినప్పుడు యేసురాజు గారు నా ముందే పవన్‌ను మళ్లీ అడిగారు.

"పిన్ని టీ ఇస్తే వాసన చూసి తాగుతావంటగా బాబాయ్, నీకేం చెబుతాం" అన్నాడు పవన్.

నాకూ దుబాసీ మీదే అనుమానం. దశాంశాలు మింగేస్తున్నాడనుకున్నాను.

యేసురాజు గారు విస్సన్నపేట పాప కాగితం ఒకటి తెచ్చి మాదాని పక్కన పెట్టారు. ఇద్దరూ ఒకే నెలలో పుట్టారు, బరువూ ఇంచుమించు ఒకటే. ఆ పాప చుక్క మాత్రం ఎర్రగీతకు బాగా పైన ఉంది. రెండు కాగితాలూ కలిపి వెలుతురుకు పట్టుకుంటే నాకు తెలిసింది. రెండు చుక్కల ఎత్తూ ఒకటే. మాది కుడికి జరిగింది. కుడి అంటే వయసు. అంతసేపూ ఎంత కింద ఉందనే చూశాం. సెప్టెంబరు రెండున పుట్టిన పిల్లను ప్రోగ్రాము ఫిబ్రవరి తొమ్మిదిన పుట్టినట్టు లెక్కేసింది.

పవన్ ముఖం చిన్నబోయింది. కొత్తగా ఎక్కించిన విండోస్‌ను అమెరికా పద్ధతిలోనే వదిలేశాడు. వాళ్లకు నెల ముందు, తేదీ తర్వాత. విస్సన్నపేట పాపది ఇరవయ్యో తేదీ. ఇరవయ్యో నెలంటూ లేదు కాబట్టి తప్పించుకుంది. దుబాసీ తప్పేమీ లేదు. సెట్టింగు మార్చగానే మా చుక్క నడిమి గీత పక్కకు వచ్చింది. నాకు ఏడుపొచ్చింది.

యేసురాజు గారు మాత్రం సంతోషించలేదు. "మరి నిజంగా ఫిబ్రవరి తొమ్మిదిన పుట్టినోళ్ల సంగతేంటి?" అన్నారు. అలాంటి పిల్లలు ఉన్న వయసుకన్నా చిన్నవాళ్లుగా లెక్కకొచ్చి, బరువు సరిపోయినట్టు కనబడి ఉంటారు. "కిందికి పోయినోళ్లు భయపడి మళ్లీ వస్తారమ్మా. బాగున్నారని పంపినోళ్లు ఎందుకొస్తారు?"

అలాంటి వాళ్లందరినీ మళ్లీ లెక్కేస్తే వినగడప ఊళ్లో ఉండే మేరమ్మ మనవడి చుక్క ఎర్రగీత కిందికి దిగింది. ఫోను చేస్తే ఎత్తలేదు. ఆయన కాటా ఒళ్లో పెట్టుకుని షేర్ ఆటోలో వెళ్లారు. మేరమ్మ గుమ్మంలోనే ఆపిందట.

"మొన్న బాగున్నాడన్నది మీరే. ఇయ్యాల బాగోలేడంటే దేన్ని నమ్మాల? పరీక్షలకి ఎంతమందిని తెమ్మన్నాడు మీ డాక్టరు?"

"నన్ను నమ్మొద్దు. పిల్లోణ్ణి నువ్వే కాటా మీద పెట్టి చూడు."

పెట్టింది. పోయిన నెల తూచినప్పటి నుంచి బరువు కదల్లేదు. మనవణ్ణి చంకనేసుకుని ఆటో ఎక్కి, తిరువూరు దాకా ఆయన్ని తిడుతూనే వచ్చిందట. ఆయన ఎదురు సీట్లో కాటా పట్టుకుని కూర్చుని, పిల్లాడి సన్నటి కాళ్ల వంకే చూస్తూ వచ్చారట.