ఇయ్యాల ఏం కూర?

తొర్రూరు దగ్గర మా చిన్నబడిల టీచరమ్మ హాజరు పిలుస్తూ ఒక్కొక్కరినీ "ఇయ్యాల ఏం కూర బిడ్డా?" అని అడిగేది. మా నాయిన పోయినంక నేను మళ్లీ బడికి పోతే, అందరూ ఎట్ల చనిపోయిండని అడిగిండ్రు. ఆమె మాత్రం ఎప్పటిలెక్కనే "ఏం కూర?" అన్నది. ఇంట్ల అమ్మ మంచం దిగుతలేదు. పక్కింటోళ్లు పెట్టిందే తింటున్నం. నేను పలక మీద గీతలు గీసుకుంట కూసున్న. ఆమె "మంచిది, రేపు చెప్పు" అన్నది. తర్వాత రోజూ అంతే.

ఒకనాడు, "పప్పు. అమ్మ వండింది" అన్న.

ఆమె పెన్ను కింద పెట్టింది. "ఉప్పు సరిపోయిందా?"

"ఎక్కువైంది టీచర్" అన్న. నాయిన పోయినంక అప్పుడే మొదటిసారి ఏడ్చిన.

నా ఏడుపు అయ్యేదాక ఆమె తర్వాతి పేరు పిలవలే.