ఈదమ్మ వెయ్యని వేలిముద్ర

అచ్చంపేట బస్టాండు నుంచి ఏ ఊరికి ఏ బస్సు ఎన్నింటికి పోతుందో కంట్రోలర్ కంటే మెర్సీకే బాగా తెలుసని ఆమె భర్త దశరథ్ ఎగతాళి చేసేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఎనిమిదేళ్లుగా ఆమె పని ఊళ్లు తిరగడం, ఆడవాళ్లతో మాట్లాడటం, వాళ్లు చెప్పింది రాసుకురావడం. చదివింది ఇంటర్. ఆమె తండ్రి కృష్ణయ్య సెంటు భూమి లేని కూలీ. చర్చిలో పాటల పుస్తకం చదివే మనిషి ఇంట్లో ఒకరుండాలన్న పట్టుదలతో కూతుర్ని బడికి పంపాడు. ఆ చదువు ఇట్లా పరిశోధనకు పనికొస్తుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

తెలంగాణ వచ్చిన రెండో సంవత్సరం మహబూబ్‌నగర్‌లో కొందరు లెక్చరర్లు కలిసి ఒక పరిశోధకుల సంఘం పెట్టుకున్నారు. వలసపోయే కూలీల బతుకు మీద పుస్తకాలు రాయాలని వాళ్ల కోరిక. ఆ సంఘం కార్యదర్శి కమలాకర్ సారు చెడ్డవాడు కాదు. కష్టపడి చదివి పైకొచ్చిన మనిషి. కానీ ఊళ్లోకి పోయి ప్యాంటు మడత నలగకుండా నిలబడి ప్రశ్నలు అడిగితే ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు, అంతే. అప్పుడు ఎవరో మెర్సీ పేరు చెప్పారు.

మెర్సీ పద్ధతి వేరు. ఇంటికి పోగానే పుస్తకం తీయదు. చింతపండు కొడుతుంటే పక్కన కూర్చుని గింజలు తీస్తుంది. బియ్యంలో రాళ్లు ఏరుతుంది. ఎవరి పిల్లకు జ్వరమొచ్చిందో, ఎవరి మేక ఈనిందో మాట్లాడుతుంది. మూడోసారి పోయేసరికి ఆ ఇంటి మనిషి తనంతట తానే కడుపులో మాట చెప్పుకుంటుంది. అవన్నీ బస్సులో కూర్చుని, మరిచిపోకముందే, ఒక్క మాట చేర్చకుండా ఒక్క మాట తగ్గించకుండా రాసేది. ఈ విషయంలో ఆమెకు గర్వం ఉండేది. ఉండదగ్గ గర్వమే.

అట్లా పరిచయమైన మనిషి ఈదమ్మ. కొల్లాపూర్ అవతల, కృష్ణ ఒడ్డుకు దగ్గరగా ఉన్న ఒక ఊరు. ఆ ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. రాసినందుకే ఇంత జరిగింది.

ఈదమ్మ, కొడుకు పెద్దులు, కోడలు ముగ్గురూ పర్వతాలు అనే కూలీల మేస్త్రీ గుంపులో పక్క రాష్ట్రానికి కాలువ పనికి పోయారు. కోడలు నిండు చూలాలు. నొప్పులొచ్చిన రోజు దవాఖానకు తీసుకుపోవడానికి ట్రాక్టరు ఇమ్మని ఈదమ్మ మేస్త్రీ కాళ్లు పట్టుకుంది. పని ఆగుతుందని ఆయన ఇవ్వలేదు. తల్లీబిడ్డా ఆ మట్టికట్ట పక్కనే పోయారు, అక్కడే పూడ్చారు. ఊరికి వచ్చాక దవాఖానలో జ్వరమొచ్చి పోయిందని మేస్త్రీ చెప్పాడు. ఊరు నమ్మింది. మళ్లీ ఏడు పని ఇవ్వాల్సినవాడు ఆయనే కాబట్టి పెద్దులు కూడా నోరు మూసుకున్నాడు.

ఇదంతా ఈదమ్మ మెర్సీకి చెప్పి, "రాసుకో బిడ్డా. లోకానికి తెల్వాలె. గని మా ఊరి పేరు, నా పేరు పడొద్దు. పర్వతాలుకు తెలిస్తే మమ్ముల బతకనియ్యడు" అంది.

"నీ పేరెందుకు పడ్తది అవ్వా? నేను లేనా?" అంది మెర్సీ. ఆ మాట మనసారా అన్నదే.

అయితే అప్పటికి సంఘం కొత్త నియమావళి తెచ్చుకుంది. ఎక్కడో ఎవరి కథనో వాళ్లను అడగకుండా అచ్చు వేసి గొడవైందని, ఇకపై నైతికంగా పరిశోధన చెయ్యాలని తీర్మానించారు. మంచి తీర్మానమే. నవనీత మేడమ్ అని నల్లగొండలో కాలేజీ లెక్చరర్, ఆమె ఏడాదిపాటు కూర్చుని రాసింది. నలభై పేజీల ఇంగ్లీషు పుస్తకం, నున్నటి అట్ట. ఊళ్లు తిరిగే మెర్సీలాంటి వాళ్లకు మాత్రం ఆ పుస్తకంలోంచి ఒక్క కాగితం తెలుగులో చేసి ఇచ్చారు. అది సమ్మతి పత్రం. కథ చెప్పిన మనిషి అడుగున సంతకమో వేలిముద్రో పెట్టాలి. పైన నాలుగు గళ్లు: ఫొటో వాడవచ్చా, గొంతు వాడవచ్చా, సంవత్సరం చెప్పవచ్చా, ఊరి పేరు చెప్పవచ్చా.

మంచి మాటలే. కానీ ఆ ఊళ్లలో వేలిముద్ర అంటే ఏమిటో ఆ కాగితం రాసినవాళ్లకు తెలియదు. అక్కడ వేలిముద్ర వేసేది మేస్త్రీ కాగితం మీద. ఒక్కసారి సిరా అంటిందంటే తొమ్మిది నెలలు ఆ మనిషి ఒళ్లు ఆమెది కాదు. ఎండకు పడిపోయినా, పురుడొచ్చినా కదలడానికి లేదు. అందుకే గుండెల్లో దాచుకున్న కథను గంటసేపు చెప్పిన మనిషి కూడా మెర్సీ సంచిలోంచి సిరా డబ్బా తీయగానే చేతులు కొంగులో చుట్టేసుకునేది.

"నోటితోని చెప్పిన గద బిడ్డా, గది చాలదా?" అంది ఈదమ్మ కూడా.

మెర్సీ ఆ మాట ఆఫీసులో చెప్పింది. కాగితం లేనిదే కథ తీసుకోం అన్నారు. తీసుకోకపోతే ఆ ఆడవాళ్లు ఏడ్చి చెప్పుకున్నదంతా చెత్తబుట్టలోకే. ఆమె రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు ఇంట్లో తలుపు దగ్గరికి వేసి, పదకొండు మంది కాగితాల మీద తన వేళ్లే వేసింది. అన్నీ ఒకలాగే కనిపించకూడదని వేళ్లు మార్చి మార్చి వేసింది. తప్పని తెలియకపోతే అంత జాగ్రత్త ఎందుకు పడుతుంది? తెలుసు. అందరికంటే ముందు ఈదమ్మ కాగితం, దాని మీద ఎడమ బొటనవేలు.

గళ్లు ఖాళీగా వదిలితే అసంపూర్ణమని రాసి కాగితం వెనక్కి పంపేవాళ్లు. అందుకని నాలుగు గళ్లలోనూ టిక్కులు కొట్టుకుంటూ పోయింది. ఊరి పేరు గడిలో కూడా. చేతికి అలవాటైన పని, కన్ను దాని మీద నిలవలేదు. ఆమె చేసిన అసలు పాపం అదీ. వేలిముద్ర దొంగతనమైనా దాని వెనక ఒక ఉద్దేశం ఉంది. ఈ టిక్కు వెనక తొందర తప్ప ఇంకేమీ లేదు.

నిరుడు సంఘం పత్రికలో కమలాకర్ సారు వ్యాసం వచ్చింది. ఈదమ్మ పేరు మార్చారు. ఊరి పేరు, సంవత్సరం ఉన్నాయి. అంత చిన్న ఊళ్లో ఆ ఏడు కాలువ పనిలో చనిపోయిన బాలింత ఎందరుంటారు? పర్వతాలు తమ్ముని కూతురు దీప్తి మహబూబ్‌నగర్‌లో పీజీ చదువుతోంది. క్లాసులో ఆ వ్యాసం చూసి ఇంటికి ఫోన్ చేసింది. మర్నాడు పొద్దున పర్వతాలు ఈదమ్మ వాకిట్లో నిలబడి నానా మాటలన్నాడు. పెద్దుల్ని గుంపులోంచి తీసేశాడు. కలుపుకు పిలిచేవాళ్లు ఈదమ్మ గడప దాటి పక్కింటి వాళ్లను పిలవడం మొదలుపెట్టారు. వాటన్నిటికీ ఆమె ఓర్చుకుంది. కొడుకు తనతో మాట మానేసినప్పుడు మాత్రం ఓర్చుకోలేకపోయింది.

ఊళ్లో ఆశా కార్యకర్త మమత ఆ పత్రిక సంపాదించి, దాని మీద అడ్రసు చూసి సంఘానికి ఫిర్యాదు రాసింది. తెల్ల కాగితం, కింద ఈదమ్మ పేరు, అంతే. వేలిముద్ర లేదు.

జులైలో ఒక మధ్యాహ్నం సంఘం ఆఫీసులో విచారణ పెట్టారు. మహబూబ్‌నగర్ సందులో మేడ మీద రెండు గదులు. బల్లకు అటు నవనీత మేడమ్, పక్కన కమలాకర్ సారు. ఇటు ప్లాస్టిక్ కుర్చీ అంచున ఈదమ్మ, వెనక మమత. మెర్సీని కూడా పిలిచారు. తనను చూసి ఈదమ్మ ముఖం విప్పారడం ఆమెకు కష్టమైంది.

"నువ్వొచ్చినవా బిడ్డా! నువ్వన్న చెప్పు వీళ్లకు. నేను ఊరి పేరు ఒద్దన్న గదా?" అంది ఈదమ్మ.

మెర్సీ తల దించుకుంది.

కమలాకర్ సారు ఫైలు తెరిచి కాగితం బల్ల మీద పెట్టాడు. "మేడమ్, నేను సొంతంగ ఏం చెయ్యలేదు. ఊరి పేరు చెప్పొచ్చని టిక్కున్నది. కింద ఆమె వేలిముద్ర ఉన్నది. చూసే రాసిన." ఆయన అబద్ధం చెప్పడం లేదు.

"నేనెన్నడు ఏలెయ్యలే" అంది ఈదమ్మ.

"పెద్ద మనిషివి, యాది మరిచినవేమో అవ్వా."

"అన్నం తిన్నది మరుస్త సారూ. ఏలేసింది మరువ."

నవనీత మేడమ్ కోపిష్టి కాదు, కానీ పద్ధతి తప్పే మనిషీ కాదు. సిరా డబ్బా, తెల్ల కాగితం ముందుకు జరిపింది. "ఫికర్ చెయ్యకు అవ్వా. ఒక్కసారి దీని మీద వెయ్యి. రెండు పక్కపక్కన పెట్టి చూస్తం. నీ మాట నిజమైతే ఇప్పుడే తేలిపోతది."

ఈదమ్మ ఆ డబ్బాను చూసి రెండు చేతులూ చంకల్లోకి లాక్కుంది. మమత బతిమాలింది, మేడమ్ బతిమాలింది. ఈదమ్మ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. "ఏలు మాత్రం అడగకుండ్రి. కాళ్లు మొక్కుత, ఏలు అడగకుండ్రి."

కమలాకర్ సారు మేడమ్ వైపు చూసి కనుబొమ్మలు ఎత్తాడు. ముద్ర తనది కాకపోతే వెయ్యడానికి భయమెందుకు? చదువుకున్నవాళ్లకు అది చాలా సబబుగా తోచే ప్రశ్న. మేడమ్ కలం తీసుకుని ఏదో రాయబోయింది. ఫిర్యాదు నిరాధారమని రాస్తుందని మెర్సీకి అర్థమైంది.

అప్పుడు మెర్సీకి ఏమేమి గుర్తొచ్చాయో చెప్పాలంటే చాలా ఉంది. ఈ పని పోతే తనకు ఇంకో పని ఎవరూ ఇవ్వరు. ఎనిమిదేళ్లు రాసినవన్నీ అనుమానంలో పడతాయి. మిగిలిన పదిమంది కథలు కొట్టేస్తారు. చర్చిలో ముఖమెత్తుకుని పాట పాడలేకపోతుంది. నోరు మూసుకుంటే ఇవేవీ జరగవు. ఒక ముసలామె అబద్ధాలకోరుగా ఊరికి తిరిగిపోతుంది, అంతే. అంతే అనుకోవడానికి తన మనసు ఎంత సులువుగా ఒప్పుకుందో చూసి మెర్సీకి తన మీద తనకే అసహ్యం వేసింది.

లేచి బల్ల దగ్గరికి పోయింది. ఎడమ బొటనవేలు సిరాలో అద్ది, ఈదమ్మ పేరున్న కాగితం మీద, పాత ముద్ర పక్కనే నొక్కింది. చిన్నప్పుడు కొడవలికి తెగిన గాటు రెండింట్లోనూ అడ్డంగా ఒకే చోట ఉంది.

"నాది మేడమ్. పదకొండు కాగితాలు నావే. టిక్కు గూడ నేనే కొట్టిన. సారు తప్పు లేదు. అవ్వ తప్పసలే లేదు."

కమలాకర్ సారు కుర్చీలో వెనక్కి వాలి కళ్లజోడు తీశాడు. నవనీత మేడమ్ తన నున్నటి అట్ట పుస్తకం తెరిచి, ఒక పేజీ దగ్గర వేలు పెట్టింది. "చదువురాని వాళ్లు ముద్రకు జంకితే నోటిమాట చాలు అని రాసిన గదమ్మా. వాళ్లు నమ్మే మనిషి ఒకరు సాక్షిగ ఉంటే సరిపోతదని రాసిన. నీకెవరు చెప్పలేదా?"

"ఆ పుస్తకం ఇంగ్లీషుల ఉన్నది మేడమ్."

మేడమ్ ముఖం ఎర్రబడింది. ఆ ఎరుపు ఎవరి మీదో ఆమె చెప్పలేదు. తర్వాత నిర్ణయం చెప్పింది. వ్యాసం వెనక్కి తీసుకుంటారు. పదకొండు కథలూ తీసేస్తారు. మెర్సీ ఇక సంఘానికి పని చెయ్యదు. మెర్సీ సరేనంది. నిజానికి కొంత తేలికపడింది కూడా. ఈదమ్మ నిజం నిలబెట్టానని లోపల ఒక చిన్న తృప్తి, దాచుకోవలసిన తృప్తి.

ఆ నిర్ణయంలో ఈదమ్మకు ఒక్క ముక్క మాత్రమే అర్థమైంది. "తీసేస్తరా? నా కోడలు సచ్చిన మాట తీసేస్తరా? గట్లెవరన్నరు? ఊరి పేరు తీయమన్న గని."

నవనీత మేడమ్ కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఉండాలంటే మళ్ల మొదటికెల్లి చెప్పాలె అవ్వా. ఏలు ఏమొద్దు. నోటితోని చాలు. నువ్వు నమ్మే మనిషి ఒకరు పక్కన సాక్షిగ కూసోవాలె. ఎవరిని పెట్టుకుంటవు?"

మెర్సీ తనకు తెలియకుండానే ఒక అడుగు ముందుకు వేసింది. ఆ ఇంటి చింతపండు గింజలు తీసిన మనిషి తనే కదా. ఆ కథ విన్న మొదటి మనిషి తనే కదా.

ఈదమ్మ ఆమెను కాదు, ఆమె వేలికి అంటిన సిరాను చూసింది. చూసి, మమత చేయి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"గీ మమతుంటది" అంది. "లేకుంటె ఇంకెవలన్న సరే. గామెను మాత్రం బయటికి పొమ్మనుండ్రి."

ఆ గొంతులో కోపం లేదు. కోపమే ఉంటే మెర్సీ ఏదో ఒకటి చెప్పుకునేది.