చక్రం కదలకూడదన్న కారు

దొరలు సామాన్లు సర్దుకుని పోతున్న రోజులవి. బియ్యం మిల్లు షావుకారు గారొకరు ఒక దొర దగ్గర రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొన్నారు. బెజవాడంతా నోరెళ్లబెట్టి చూసింది. సోకు బాగానే ఉంది గాని, దాని పొట్ట నేలకి బెత్తెడు ఎత్తులో ఉండేది. ఆయనకేమో కాలవ గట్టు మీద ఉయ్యూరు దాకా దాంట్లో వెళ్లాలని ముచ్చట. నన్ను పిలిపించారు. నేను సొంతంగా మెకానిక్ షెడ్డు పెట్టి అప్పటికి ఆరు నెలలు. చేతినిండా పని ఎలా ఉంటుందో ఎరగను.

“దీన్ని ఎత్తు చేసి చూపించు. మిల్లు లారీల పనంతా నీకే ఇస్తా,” అన్నారు. ఆ మాట మీద మా ఇంటిల్లిపాదీ ఆశ పెట్టుకున్నాం.

మిల్లు ఆవరణలోనే కారుని జాకీల మీదికెత్తి, బండి బరువు మోసే ఒక్కో కమానుకీ ఇంకో ఉక్కు పట్టీ వేసి బిగించి దించాను. దించిన బండి వెంటనే అసలు ఎత్తు చూపించదు. కమాన్లు బిగదీసుకుని ఉంటాయి. నాలుగు బారలు ముందుకీ వెనక్కీ నెట్టి, మనుషుల్ని కూర్చోబెట్టి కుదిపితే గాని కిందికి దిగి కుదురుకోదు. అప్పుడు కొలిచిందే కొలత. చాలకపోతే ఇంకో పట్టీ వెయ్యాలి.

నెట్టబోతుంటే షావుకారు గారు పరిగెత్తుకొచ్చారు.

“ఆగాగు! కొత్త పట్టీలు పడ్డాక కొత్త బండి కిందే లెక్కట. గురువారం ముహూర్తం దాకా చక్రం కదలకూడదు, ఎవరూ ఎక్కకూడదు అన్నారు పంతులు గారు.”

“కదపకపోతే ఎత్తు తెలీదండీ. ఒక్కసారి...”

“నోర్ముయ్యవయ్యా! అపశకునపు మాటలూ నువ్వూను.”

“అలాగేనండి,” అన్నాను. ఛీ! ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను.

గురువారం కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఆయనా, అల్లుడు గారూ ఎక్కి కూర్చున్నారు. నిమ్మకాయలు చితికి బండి రెండు బారలు కదిలిందో లేదో, మొత్తం కిందికి దిగిపోవడం కళ్లారా చూశాను. అడ్డం వెళ్లి, “ఒక్క క్షణం ఆపండి, కొలుస్తాను,” అన్నాను. మంచి ఘడియలో బయల్దేరిన బండికి ఎదురొస్తావా అని కళ్లెర్రజేశారు. తప్పుకున్నాను.

కాలవ లాకు దగ్గర వంతెన మిట్ట ఎక్కుతుంటే పొట్టకి రాయి తగిలి ఇంజను కిందున్న ఆయిల్ చాంబర్ పగిలింది. సాయంత్రానికి ఆ స్పోర్ట్స్ కారుని ఎడ్లను కట్టి లాక్కొచ్చారు.

ఊళ్లో ఒక్కరూ ముహూర్తానికి వంక పెట్టలేదు. నా చెయ్యే మంచిది కాదన్నారు. లారీల పని వేరే షెడ్డుకి పోయింది. మూడు నెలల్లో నా షెడ్డు మూతబడింది. ఇంకొకరి దగ్గర కూలికి చేరాను.

కొన్నాళ్లకి షావుకారు గారు బందరు రోడ్డులో ఎదురుపడ్డారు. కడుపుమంట ఆపుకోలేక, “ఆ రోజు నేను చెప్పానండీ,” అన్నాను.

“చెప్పావులే. పని తెలిసినవాడివైతే గట్టిగా చెప్పాలిగా?” అని నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

గట్టిగానట! ఆయన ఎదుట గట్టిగా మాట్లాడి, మర్నాడు మళ్లీ ఆ మిల్లులో పనికెళ్లినవాణ్ణి ఒక్కణ్ణి చూపించమనండి.