బొమ్మకి కుడి చెయ్యి

కంప్యూటరు గదిలోకి చెప్పులు విడిచి వెళ్ళే రోజులవి. కాశీబుగ్గలో మా సెంటరు సారు ఆ గదికి దేవుడి గది కంటే ఎక్కువ మడి పాటించేవాడు. తీరా లోపల మేం చేసేది జనాల దరఖాస్తులు టైపు చెయ్యడం. విశాఖపట్నంలో ఆరు నెలలు యానిమేషన్ నేర్చుకొచ్చిన నాచేత కూడా అదే చేయించేవాడు (ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది). అలాంటిది పలాసలో జీడిపప్పు వ్యాపారి ఒకాయన, ఊరంతా పిక్కలబాబు అని పిలిచే పెద్దమనిషి, కేబుల్ టీవీలో వేసుకోడానికి బొమ్మ ప్రకటన కావాలని వచ్చాడు. సారు నన్ను పిలిచి, "ఆయనకి నచ్చిందా, ఇకనించి నీకు బొమ్మల పనే. నచ్చలేదా, దరఖాస్తులే" అని తేల్చేశాడు.

పట్టుచీర కట్టుకున్న బొమ్మ నడిచొచ్చి, కాస్త వంగి, చిన్న పళ్ళెంలో జీడిపప్పు మనకి అందించాలి. చెప్పడానికి అంతే. అలాంటి బొమ్మకి లోపల ఎముకల గూడు ఉంటుంది. ఒక్కొక్క కీలూ పట్టుకుని తిప్పుకోవాలి. భుజం తిప్పితే మోచెయ్యి, మణికట్టు, వేళ్ళు దాని వెనకే వస్తాయి. వేలు తిప్పితే మాత్రం భుజం చలించదు (మా ఇంట్లో నాన్న చెప్పినట్టు మేమంతా తిరగడమే గాని, మేం చెబితే ఆయన తిరిగింది ఎప్పుడు?). మొదటిరోజు దాని మోకాలు కొంగ కాలులా వెనక్కి వంగింది. తర్వాత మణికట్టు తిరగబడి పప్పంతా నేలపాలయ్యేలా ఉంది. చివరికి నేనే పళ్ళెం పట్టుకుని నిలబడి, నా భుజం ఎంత దిగిందో, మోచెయ్యి ఎంత మడిచానో చూసుకుంటూ ఒక్కో కీలూ సరిచేశాను. మూడు వారాలు పట్టింది.

పిక్కలబాబు భార్యని వెంటబెట్టుకుని చూడ్డానికొచ్చాడు. బొమ్మ నడిచొస్తుంటే ఆయన మొహం వెలిగిపోయింది. పళ్ళెం చాపగానే ఆవిడ గుండెల మీద చెయ్యేసుకుంది.

"ఓలమ్మో! ఎడం సేత్తో ఇత్తందేటి?"

"కాదమ్మా, ఎదురుగా ఉన్నోళ్ళకి కుడి ఎడమలు మారిపోతాయి గదా" అని సారు సర్దబోయాడు. పిక్కలబాబు లేచి, బొమ్మలాగే మా వైపు తిరిగి నిలబడి, ఓసారి ఈ చెయ్యీ ఓసారి ఆ చెయ్యీ చాపి చూసుకున్నాడు.

"మారినా ఎడమే. ఎడం సేత్తో సరుకిత్తే లచ్చిమి నిలబడతాదా?" అని, నా చేతికేసి చూశాడు. నా మౌసు కూడా ఎడమవైపే ఉంది మరి. "అద్గదీ! ఈ అమ్మిది ఎడం సెయ్యి. బొమ్మకీ అదే అంటుకుంది."

అంటుకోడానికి ఇదేమన్నా గజ్జా? మూడు వారాలు కూర్చుని ప్రాణం పోస్తే, దాని నడక గురించి ఒక్క మాట లేదు, ఆ వేళ్ళు పళ్ళేన్ని పట్టుకున్న తీరు గురించి ఒక్క మాట లేదు! చిన్నప్పటినుంచీ ఇదే నాకు. నానమ్మ అన్నం దగ్గర నా ఎడం చేతిని తన కొంగుతో కట్టేసేది. బళ్ళో మాస్టారు బెత్తంతో బాది బాది రాతని కుడి చేతికి మార్చాడు. మిగతా పనులన్నీ మొండిగా ఎడం చేతిలోనే ఉండిపోయాయి. ఇప్పుడు బొమ్మకీ తప్పలేదు. కోపంతో పళ్ళు కొరుక్కుంటూ, దరఖాస్తుల దొంతర కళ్ళ ముందు కదులుతుంటే, భంగిమని అద్దంలోలా తిరగేసే బటన్ నొక్కాను. పళ్ళెం కుడి చేతిలోకి వెళ్ళిపోయింది. ఒక్క నొక్కుడు! బెత్తం లేదు, కొంగు లేదు. బొమ్మ నవ్వుతూనే ఉంది.

"ఇప్పుడు బాగుందమ్మీ" అన్నాడాయన. నాకు బొమ్మల పని దొరికింది, కాని ఆ సంతోషం నా మొహంలో ఎక్కడా కనబడలేదట. సారే చెప్పాడు.

ఆ వారమే మధ్యాహ్నం అన్నాలప్పుడు టీవీలో వచ్చింది. నానమ్మ నన్ను మోచేత్తో పొడిచి, "సూడే, ఆ బొమ్మ ఎంత పద్దతిగా కుడి సేత్తో ఇత్తందో. దాన్ని సూసి నేర్సుకో" అంది.

"అది నేను చేసిందే!" అని అరిచాను.

నానమ్మ నమల్డం ఆపింది. "నువ్వే నేర్పినావా? మరి నువ్వెందుకు నేర్సుకోనేదే?"

ఆ కోపంలో ఆ పూట అన్నమంతా అందరెదుటా ఎడం చేత్తోనే తిన్నాను. నానమ్మ నా కంచంలో గరిటెడు పులుసు వేసి, కొంగు సర్దుకుంది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఇది రాస్తున్నది మాస్టారు మార్చిన కుడి చేత్తోనే, కాఫీ గ్లాసు మాత్రం ఎడం చేతిలో ఉంది.